మీ గేమ్‌కి ఐడియాలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు? జీఎంలు, ఆటగాళ్లు అందరూ చెప్పండి

మర్రితొర్ర

అందరికీ నమస్కారం. మా గ్రూపుకి గేమ్ మాస్టర్‌ని నేనే. ఐదుగురు ఆటగాళ్లు, డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం, క్యారెక్టర్లు మూడో లెవెల్లో ఉన్నాయి. తెలియనివాళ్లకి: గేమ్ మాస్టర్ (జీఎం) కథా ప్రపంచాన్ని నడిపిస్తాడు, ఆటగాళ్లు తలా ఒక పాత్రగా ఏం చేస్తారో చెప్తారు, ఫలితం పాచికలు తేలుస్తాయి. మొదట్లో ఐడియాలు వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు సెషన్ దగ్గరపడుతుంటే టెన్షన్ మొదలవుతోంది. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఏమీ తోచడం లేదు.

కథ ఇప్పుడు ఎక్కడుందో చెప్తాను. కొండ కింద ఒక ఊరు. ఆ ఊరి గుడి గంట మాయమైంది. అప్పటి నుంచి స్మశానంలో చచ్చినవాళ్లు లేచి తిరుగుతున్నారు. నేను అనుకున్నదేంటంటే, అడవిలో దొంగల స్థావరం ఉంటుంది, దళం (అంటే ఆటగాళ్ల పాత్రలు) అక్కడికి వెళ్లి నాయకుణ్ణి ఓడించి గంట వెనక్కి తెస్తుంది. వాళ్లేమో అడవి అంచున వంతెన కాపలా కాస్తున్న ఒక గోబ్లిన్‌ని (చిన్నపాటి రాక్షసజాతి వాడు) పట్టుకున్నారు. చంపలేదు. పేరేంటని అడిగారు. నోటికొచ్చినట్టు "చిట్టెం" అన్నాను. ఇక అంతే, దొంగల సంగతి ఎవరికీ పట్టలేదు. సెషన్ మొత్తం వంతెన మీదే గడిచిపోయింది. వచ్చేసారి కూడా చిట్టెంతోనే మాట్లాడతారట.

రెండు ప్రశ్నలు. మీరు ఐడియాలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు? వీళ్లని మళ్లీ కథలోకి ఎలా లాక్కురావాలి?

నీలిమంత్రం

మర్రితొర్ర గారూ, రెండో ప్రశ్న వదిలేయండి. వాళ్లు కథలోనే ఉన్నారు. ఐదుగురు మనుషులు ఒక సెషనంతా వంతెన మీద కూర్చుని ఒక గోబ్లిన్ మాటలు విన్నారంటే, వాళ్లకి ఏది నచ్చిందో మీకు తెలిసిపోయింది. దొంగల్ని పక్కన పెట్టి చిట్టెం దగ్గర్నుంచి ఆలోచించండి. వాడు ఆ వంతెన దగ్గర ఎందుకున్నాడు? ఎవరు రాకుండా కాపలా కాస్తున్నాడు? డ్యూటీ దిగాక ఎక్కడికి వెళ్తాడు?

నేను సెషన్‌కి ముందు "ఏం జరుగుతుంది" అని రాసుకోను. "ఎవరికి ఏం కావాలి" అని రాసుకుంటాను. మీ పోస్టు చదివి రాస్తే నాకు వచ్చింది ఇది:

గ్రామాధికారి. గంటని అమ్మింది ఇతనే. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. దళం దొంగల మీద పడి నాలుగు శవాలు తెచ్చి చూపిస్తే అతనికి అంతకంటే కావాల్సింది లేదు.

గోబ్లిన్ల పెద్ద. గంటని కొనుక్కుంది ఈమె. కొండ అడుగున ఏదో మేలుకుంటోంది. రోజూ రాత్రి గంట కొడితేనే అది కదలకుండా ఉంటుంది. గూట్లో పిల్లలున్నారు.

పూజారి. చచ్చినవాళ్లు లేవడం ఆగాలి. ఈమె భర్త కూడా లేచినవాళ్లలో ఉన్నాడు. గంట కోసం గోబ్లిన్ల గూటిని తగలబెట్టమన్నా ఒప్పుకుంటుంది.

గంట ఒకటే. ఊళ్లో ఉంటే కొండ లేస్తుంది, కొండలో ఉంటే స్మశానం లేస్తుంది. దీనికి పరిష్కారం ఏంటో నాకు తెలియదు. మీకూ తెలియనక్కర్లేదు. ఆ పని మీ ఐదుగురిది.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మీ మాటల్లోంచే. గంట పోతే చచ్చినవాళ్లు లేచారన్నారు. అంటే ఆ గంట వాళ్లని నిద్రపుచ్చుతోందన్నమాట. మరి చచ్చినవాళ్లనే ఎందుకు, ఇంకేదైనా నిద్రపోతుండొచ్చు కదా అని ఒక అడుగు ముందుకేశాను. కొత్త ఐడియా కోసం బయట వెతికేముందు మీరు టేబుల్ దగ్గర ఇప్పటికే అనేసిన మాటల్ని ఇలా ఒక్క అడుగు ముందుకు నడిపించి చూడండి.

రాతిమెట్లు

నీలిమంత్రం గారి పద్ధతి బాగుంది గానీ ఒక మాట చెప్పాలి. అందరు జీఎంలకీ అది సరిపడదు. నాకు కథ ముందే తెలిస్తేనే ధైర్యంగా ఉంటుంది. మొదలు, మధ్య, చివర రాసుకుని వెళ్తాను. మా వాళ్లు కూడా పెద్ద కథలో భాగం కావాలనే వస్తారు. మీరేం చేసినా సరే అని వదిలేస్తే మూడు గంటలు సత్రంలోనే కూర్చుంటారు. అచ్చయిన అడ్వెంచర్ (ముందే రాసి అమ్మే కథ) కొనుక్కుని ఆడించడం కూడా తప్పేం కాదు, నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

నీలిమంత్రం

అచ్చయినవి ఆడించవద్దని నేననడం లేదు. వాటిలో మంచివి చదివితే ఒకటి కనిపిస్తుంది, ఎక్కడ ఖాళీ వదలాలో రాసినవాళ్లకి బాగా తెలుసు. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు డీ అండ్ డీకి రాసిన రావెన్‌లాఫ్ట్ అడ్వెంచర్ సంగతే చూడండి. కోట ఉంది, అందులో వాంపైర్ ప్రభువు ఉన్నాడు, అన్నీ రాసిపెట్టే ఉన్నాయి. కానీ అతనికి ఈసారి ఏం కావాలి, ముఖ్యమైన వస్తువులు ఏ గదిలో ఉంటాయి అనేవి పేకముక్కలు తీస్తే తేలుతాయి. అదే కోటని ఇంకో గ్రూపుకి ఆడిస్తే ఇంకో కథ.

మీ వాళ్లు సత్రంలో కూర్చోవడానికి కారణం స్వేచ్ఛ ఎక్కువవడం కాదనుకుంటున్నా. బయట ఏదీ వాళ్లని తొందరపెట్టకపోవడం. దాని గురించి కింద రాస్తాను, ముందు మిగతావాళ్లు మాట్లాడనివ్వండి.

పాతకోట

చిట్టెం సంగతి చదివి చాలా సంతోషం వేసింది. ఎదురైన ప్రతి ప్రాణీ కత్తి దూయాలని ఎక్కడా లేదు. 1981లో వచ్చిన డీ అండ్ డీ బేసిక్ సెట్‌లో దీనికోసమే ఒక పట్టిక ఉంది. మాన్‌స్టర్ ఉద్దేశం ఏంటో ముందే తేలకపోతే జీఎం రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తాడు. 2 పడితే వెంటనే మీద పడుతుంది. 3 నుంచి 5 అయితే కోపంగా ఉంది, దాడి చేసినా చేయొచ్చు. 6 నుంచి 8 అయితే ఎటూ తేల్చుకోలేకపోతోంది. 9 నుంచి 11 అయితే దాడి చేయదు, వెళ్లిపోతుంది లేదా మీరిచ్చేదేంటో వింటుంది. 12 పడిందంటే ఎగబడి స్నేహం చేస్తుంది.

నేను ఏ ఎడిషన్ ఆడించినా ఈ పట్టిక దగ్గర పెట్టుకుంటాను. ఇది నాకు ఐడియాలు పుట్టించే యంత్రం. చీకటి సొరంగంలో ఆరుగురు ఓర్క్‌లు ఎదురయ్యారు, పాచికలు వేస్తే 10 వచ్చింది. ఎందుకు? గాయపడ్డారా? దారి తప్పారా? వెనకాల వీళ్లకంటే పెద్దది ఏదో తరుముతోందా? సమాధానం వెతికేసరికి కథ దానంతటదే మొదలవుతుంది.

అదే పుస్తకంలో మొరేల్ అని ఇంకొకటి ఉంది. మాన్‌స్టర్లలో మొదటిది చచ్చినప్పుడు, మళ్లీ సగం మంది పడిపోయినప్పుడు, రెండు పాచికలు వేసి చూస్తారు. వాటి ధైర్యం అంకె కంటే ఎక్కువ పడితే పారిపోతాయి లేదా లొంగిపోతాయి. చివరి ప్రాణి దాకా కొట్టుకునే ఫైట్లు దీంతో సగానికి సగం తగ్గుతాయి. పైగా పారిపోయినవాడు ఎక్కడికి పోయాడు, ఎవరికి చెప్పాడు అనేది వచ్చే సెషన్‌కి సరుకు.

ఇరవైముఖాలు

పాతకోట అన్నా, ఆ పట్టిక అందం లెక్కల్లో ఉంది. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 6, 7, 8 పడేవి 16. అంటే 44 శాతం సార్లు ఎదుటివాడు ఎటూ తేల్చుకోలేదన్నమాట. ఏ మాటా మాట్లాడకుండా వెంటనే మీద పడేది 36లో ఒక్కసారి. ఆటగాళ్లు ఏదో ఒకటి చేసేందుకు చోటు అక్కడే దొరుకుతుంది.

ఇంకో లెక్క. గ్రామాధికారే గంట అమ్మాడన్న సంగతి ఒక్క ఆధారం వెనక దాచారనుకోండి. దాన్ని కనిపెట్టడానికి ఇరవై ముఖాల పాచిక వేసి, క్యారెక్టర్ నైపుణ్యం కలిపితే జీఎం పెట్టిన కష్టం అంకెకి చేరాలి. మూడో లెవెల్ క్యారెక్టర్‌కి +5 ఉందనుకుందాం, కష్టం 15 పెట్టారు. పాచిక మీద 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, అంటే 55 శాతం. మిగతా 45 శాతం సార్లు మీ కథ అక్కడే ఆగిపోతుంది. జస్టిన్ అలెగ్జాండర్ తన బ్లాగులో రాసిన మూడు ఆధారాల సూత్రం ఇందుకే అంత పేరు తెచ్చుకుంది. ఆటగాళ్లకి ఏ సంగతి తెలియాలనుకున్నా కనీసం మూడు ఆధారాలు పెట్టమంటాడు. పై లెక్కలోనే మూడు ఆధారాలు వేరువేరుగా ఉంటే, మూడూ తప్పిపోయే అవకాశం సుమారు 9 శాతం.

గంట విషయంలో నేనైతే ఇవి పెడతాను. గంట వేలాడే దూలానికి తాడు ఇంకా ఉంది. కోసి లేదు, ముడి జాగ్రత్తగా విప్పి ఉంది. దొంగలు అంత ఓపిగ్గా విప్పరు. రెండు, బరువైన బండి చక్రాల జాడ గుడి దగ్గర మొదలవలేదు, గ్రామాధికారి ఇంటి వెనక పాకలోంచి మొదలైంది. మూడు, "గంట ఎందుకు దొంగిలించారు" అని అడిగితే చిట్టెంకి ఒళ్లు మండుతుంది. "దొంగిలించడమా? మేం కొన్నాం!" అంటాడు.

మూడోదానికి పాచిక వేయించొద్దు. అడిగితే చాలు, చెప్పేస్తాడు. ఏది తెలియకపోతే ఆట ముందుకు కదలదో దాన్ని ఎప్పుడూ రోల్ వెనక దాచకూడదు.

మర్రితొర్ర

అమ్మో, ఒక్క పూటలో నా బుర్ర నిండిపోయింది. అందరికీ థాంక్స్. "మేం కొన్నాం" అన్న మాట వినగానే మా గ్రూపులో రోగ్ (దొంగ తరహా పాత్ర) ఆడే అమ్మాయి లేచి నిలబడుతుంది, నాకు ఇప్పుడే తెలుస్తోంది.

కానీ ఒకటి అడుగుతాను. ఇదంతా ఉన్న ఐడియాని పెంచడం. అసలు మొదటి విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏం చదువుతారు, ఏం చూస్తారు?

పాతకోట

ఈ ప్రశ్న ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డీ అండ్ డీ తెచ్చారు. 1979లో గైగాక్స్ రాసిన డంజన్ మాస్టర్స్ గైడ్ చివర అనుబంధం ఎన్ అని చిన్న జాబితా ఉంది, తనకి ప్రేరణ ఇచ్చిన రచయితలు, పుస్తకాలు. ఆ జాబితా నుంచి నేర్చుకోవాల్సింది ఏంటంటే, ఆయన కథలు ఎత్తుకురాలేదు, పనితీరు ఎత్తుకొచ్చాడు. జాక్ వాన్స్ కథల్లో మంత్రగాడు మంత్రాన్ని కష్టపడి బుర్రలో ఎక్కించుకుంటాడు, ఒకసారి ప్రయోగించగానే అది మనసులోంచి చెరిగిపోతుంది. అదే ఆటలో విజార్డ్ (మంత్రగాడి పాత్ర) రోజుకిన్ని మంత్రాలు సిద్ధం చేసుకునే పద్ధతి అయింది. కథ పోయింది, యంత్రాంగం మిగిలింది.

మనం చిన్నప్పుడు విన్న జానపద కథల్ని కూడా అలాగే విప్పి చూడాలి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో ఉన్న చిలకలో ఉంటుంది. (మీ పేరు చూస్తే ఇదే గుర్తొచ్చింది.) డీ అండ్ డీలో లిచ్ (చచ్చినా చావని మంత్రగాడు) తన ప్రాణాన్ని పెట్టెలో దాచుకునేది అచ్చం ఇదే పనితీరు. ఇందులో ఆటకి పనికొచ్చేవి ఏంటి? కత్తితో గెలవలేని శత్రువు. అతని బలహీనత వేరే చోట ఉండటం. ఆ చోటు అతనికి తప్ప ఎవరికీ తెలియకపోవడం, అందుకని అతని ఇంట్లోనే ఉండి, మాట కలిపి, రహస్యం రాబట్టే మనిషి కావాల్సి రావడం. ఈ మూడూ తీసుకుని చిలక స్థానంలో ఇంకేదైనా పెట్టండి. ప్రాణం ఒక అప్పుపత్రంలో ఉంది, అది చేతులు మారుతూనే ఉంది. లేదా ప్రాణం ఒక ఊరి పిల్లలు పాడుకునే పాటలో ఉంది, ఆ పాట ఎవరూ పాడకపోతేనే అతను చస్తాడు. రెండో దాని మీద నేను ఒక పూర్తి క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) ఆడించాను. పిల్లల నోట పాట ఎలా మాన్పించాలో తేల్చుకోలేక మా పాలడిన్ (ధర్మానికి కట్టుబడ్డ యోధుడి పాత్ర) పడిన బాధ ఇప్పటికీ చెప్పుకుంటారు.

పటాలపిచ్చి

నాకు మొదటి విత్తనం ఎప్పుడూ మ్యాపే. ముందు గీస్తాను, ఎందుకలా ఉందో తర్వాత ఆలోచిస్తాను. నది ఉన్నట్టుండి వంపు తిరిగితే అక్కడ ఏదో ఉన్నట్టే. నిజమైన గుహల పటాలు, పాత కోటల ప్లాన్లు చూడండి. కోటలో నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవి, చెత్త ఎటు పోయేది, ముట్టడి పడితే ఎటు తప్పించుకునేవారు? ఈ మూడు ప్రశ్నలకి జవాబులు గీస్తే డంజన్ (దళం వెతుక్కుంటూ తిరిగే గుహలు, గదుల చోటు) సగం తయారు.

డంజన్ గురించి ఇంకొక్క మాట. జెనెల్ జాక్వేస్ 1979లో చేసిన కావర్న్స్ ఆఫ్ థ్రేసియా అనే అడ్వెంచర్ దొరికితే దాని పటాలు గమనించండి. లోపలికి దారులు ఒకటి కంటే ఎక్కువ. గదులు వరసగా ఉండవు, దారులు తిరిగి తిరిగి కలుస్తాయి, అంతస్తుల మధ్య మెట్లు ఒకచోటే ఉండవు. అందుకే ఆటగాళ్లు "ఎటు వెళ్దాం" అని నిజంగా వాదించుకుంటారు. తలుపు తర్వాత తలుపు ఉన్న మ్యాప్‌లో వాదించుకోవడానికి ఏమీ ఉండదు.

మీ గోబ్లిన్ కొండకి మూడు దారులు పెట్టండి. ముందు గుమ్మం, కాపలా ఉంటుంది, చిట్టెం తోడుంటే మాట్లాడి వెళ్లొచ్చు. వాగు బయటికొచ్చే కన్నం, ఇరుకు, ఇనుప కవచం వేసుకున్నవాళ్లు పట్టరు. మూడోది, ఊరి స్మశానంలో అన్నిటికంటే పాత సమాధి అడుగున పూడిపోయిన సొరంగం. అది నేరుగా కొండ అడుక్కి పోతుంది. అంటే స్మశానంలో లేస్తున్నవాళ్లూ, కొండలో మేలుకుంటున్నదీ ఒకే సొరంగానికి రెండు చివరలు. ఎందుకో మీరే చెప్పాలి :)

నీలిమంత్రం

పటాలపిచ్చి గారూ, ఆ సమాధి ఐడియా నేను తీసేసుకుంటున్నా!

కత్తీడాలూ

నేను జీఎంని కాదు, ఎప్పుడూ ఆటగాణ్ణే. మా వైపు నుంచి చెప్పొచ్చా?

మీరు రాత్రంతా రాసిన రాజవంశ చరిత్ర మాకు గుర్తుండదు. గుర్తుండేది మేం చేసిన పనికి ప్రపంచం మారడం. మేం ఒకసారి ఒక సత్రం తగలబెట్టాం, ఫైట్‌లో అనుకోకుండా. చాలా సెషన్ల తర్వాత వేరే నగరంలో, చెయ్యి కాలిన మచ్చలున్న ఒక మనిషి మాకు గది ఇవ్వనన్నాడు. "మీరెవరో నాకు తెలుసు" అన్నాడు, అంతే. టేబుల్ మీద ఎవరూ మాట్లాడలేదు. ఆ మనిషికి మా జీఎం హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడన్న అంకె) కూడా రాసుకోలేదు. ఆ క్యాంపెయిన్‌లో డ్రాగన్ ఏ రంగో నాకు గుర్తులేదు గానీ ఆ చెయ్యి గుర్తుంది.

ఇంకొకటి, మమ్మల్ని అడగండి. "ఈ గుడి ఎలా ఉంటుంది" అని మీరొక్కరే వర్ణించే బదులు, మీ గ్రూపులో క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్ర) ఉంటే "నీ మఠంలో గంట ఎవరు కొట్టేవారు? తప్పు సమయంలో కొడితే ఏమవుతుందని చెప్పేవారు?" అని అడగండి. వాళ్లు చెప్పింది నిజం చేసేయండి. మా గ్రూపులో ఒకతను అస్సలు మాట్లాడేవాడు కాదు. ఇలా ఒక్క ప్రశ్న సూటిగా అతన్నే అడగడం మొదలుపెట్టాక ఇప్పుడు అతని క్యారెక్టర్ కొలిచే దేవుడి గురించే మాకు అన్నిటికంటే ఎక్కువ తెలుసు. అయితే "నువ్వేం చేస్తావ్" అని గట్టిగా ఒత్తిడి పెట్టొద్దు, కొంతమందికి అది భయం. జవాబు ఇంట్లో ఆలోచించుకునే వీలున్న ప్రశ్న ముందురోజే మెసేజ్ చేస్తే హాయిగా ఉంటుంది.

రాతిమెట్లు

కత్తీడాలూ చెప్పిన సత్రం సంగతి బాగా తగిలింది. మేం ముందే రాసుకున్న కథలో అలాంటిదానికి చోటు ఉండదని మీరంటారేమో, ఉంటుంది. నా నోట్‌బుక్‌లో చివరి పేజీ దానికే కేటాయిస్తాను. ఆటగాళ్లు ఎవర్ని వదిలేశారు, ఎవరికి మాటిచ్చారు, ఏం పగలగొట్టారు అన్నీ అక్కడ. నా కథలో కొత్త మనిషి అవసరమైన ప్రతిసారీ ముందు ఆ పేజీ చూస్తాను. కొత్తగా పుట్టించేకంటే పాతవాణ్ణి తిరిగి తెస్తే ఆటగాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

నీలిమంత్రం గారూ, తొందరపెట్టడం గురించి రాస్తానన్నారు?

నీలిమంత్రం

రాతిమెట్లు గారూ, ఆ చివరి పేజీ పద్ధతి బంగారం. నేనూ మొదలుపెడతాను.

తొందర గురించి. జాన్ హార్పర్ చేసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఇంకో ఆటలో (2017) గడియారాలని ఒక పద్ధతి ఉంది. ఒక వృత్తం గీసి నాలుగో, ఆరో, ఎనిమిదో ముక్కలు చేస్తారు. జరగబోయే దాని పేరు పైన రాస్తారు. ఆ ముప్పు దగ్గరైన కొద్దీ ముక్కలు నింపుతారు. నిండితే అది జరిగిపోతుంది. డీ అండ్ డీలో వాడుకోవడానికి ఏ రూలూ మార్చక్కర్లేదు.

మీకు రెండు కావాలి. "ఊరు స్మశానం పాలవడం" ఆరు ముక్కలు. గంట ఊళ్లో లేని ప్రతి రాత్రికీ ఒకటి. "కొండ మేలుకోవడం" నాలుగు ముక్కలు. కొండలో గంట మోగని ప్రతి రాత్రికీ ఒకటి. కాగితాన్ని టేబుల్ మీద అందరికీ కనబడేలా పెట్టండి, దాచొద్దు. ప్రతి ముక్కకీ ఊళ్లో కంటికి కనిపించే మార్పు ఒకటి ఉండాలి. మొదటి రాత్రి కుక్కలు మొరగడం మానేస్తాయి. రెండో రాత్రి ఒక ఇంటి తలుపు లోపలి నుంచి తెరిచి ఉంటుంది, చచ్చిన తండ్రిని పిల్లే లోపలికి పిలిచింది. మూడో రాత్రి ఊరి జనం బండ్లు కట్టడం మొదలుపెడతారు. అప్పుడు సత్రంలో ఎవరూ కూర్చోరు చూడండి.

సెషన్ ముగించేముందు తప్పకుండా ఒక ప్రశ్న అడగండి: "వచ్చేసారి ఏం చేద్దామనుకుంటున్నారు?" వాళ్లు చెప్పిన దానికి మాత్రమే సిద్ధమవ్వండి. ఆటకి ముందు నాకు పట్టే టైమ్‌ని దీనంతగా తగ్గించింది ఇంకేదీ లేదు.

ఇరవైముఖాలు

దీనికి తోడు మైక్ షియా చెప్పే పద్ధతి ఒకటి బాగా పనిచేస్తుంది. ప్రతి సెషన్‌కీ పది రహస్యాలు, ఒక్కొక్కటి ఒక్క వాక్యంలో రాసుకోవడం. అవి ఎక్కడ దొరుకుతాయో, ఎవరు చెప్తారో రాసుకోకూడదు. ఆటగాళ్లు ఎటు వెళ్తే అటు ఒకటి బయటపెడతారు. సత్రం యజమానితో మాట్లాడితే అతని నోట, పాత పుస్తకం తీస్తే అందులో. వాడనివి పారేయండి, వచ్చేసారి మళ్లీ పది. పారేయడం ముఖ్యం. ఆటలో బయటపడే దాకా ఏదీ నిజం కాదు కాబట్టి మార్చుకునే హక్కు మీకుంటుంది.

గవ్వలసంచి

ఆలస్యంగా వచ్చాను. చచ్చిన తండ్రిని పిల్ల లోపలికి పిలిచింది అన్న చోట ఆగాను. చాలా బాగుంది, కానీ ఇలాంటివి టేబుల్ మీదకి తెచ్చేముందు గ్రూపుని అడగండి. ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. మొదటి సెషన్‌కి ముందే ఒకసారి కూర్చుని ఏది అసలు వద్దు, ఏది ఉన్నా వర్ణించకుండా దాటేద్దాం అని మాట్లాడుకోవాలి. జాన్ స్టావ్రోపౌలస్ చేసిన ఎక్స్ కార్డు కూడా పెట్టుకోవచ్చు. టేబుల్ మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఉంటుంది, ఎవరు ముట్టుకున్నా ఆ దృశ్యం అక్కడితో ఆపి ముందుకెళ్తారు, కారణం చెప్పక్కర్లేదు. భయం పుట్టించే ఆట ఆడాలంటే ముందు ఆ నమ్మకం ఉండాలి. నమ్మకం ఉన్న గ్రూపులోనే భయం బాగా పండుతుంది.

మర్రితొర్ర

గవ్వలసంచి గారూ, మంచి మాట చెప్పారు. ఇవాళే గ్రూపులో అడుగుతాను.

ఇదిగో, వచ్చే సెషన్‌కి నా పేజీ. ముగ్గురు మనుషులు, ఎవరికేం కావాలో. రెండు గడియారాలు. మూడు ఆధారాలు. కొండకి మూడు దారులు. క్లెరిక్‌కి గంట గురించి ప్రశ్న పంపేశాను. కొండలో మేలుకుంటున్నది ఏంటో రాయలేదు, క్లెరిక్ జవాబు వచ్చాక తేలుస్తాను. దొంగల్ని తీసేశాను.

ఒక్కటే దిగులు. కొండలో ఫైట్ వస్తే మా ఐదుగురికి, డజను గోబ్లిన్లకి ఒక్కో రౌండ్ చాలాసేపు పడుతుంది. ఆ లోపల ఊపు మొత్తం చచ్చిపోతుంది. ఏం చేయొచ్చు?

ఇరవైముఖాలు

డజనుమందిని నాలుగేసి చొప్పున మూడు గుంపులు చేయండి, ఒక్కో గుంపుకి ఒకే ఇనిషియేటివ్ (ఫైట్‌లో ఎవరి వంతు ఎప్పుడో తేల్చే అంకె). డ్యామేజీకి పాచికలు వేయొద్దు, మాన్‌స్టర్ వివరాల్లో పాచికల పక్కనే సగటు అచ్చయి ఉంటుంది, అదే వాడండి. ఒకరి వంతు వచ్చినప్పుడు "తర్వాత నువ్వు" అని పక్కవాళ్లకి చెప్పేయండి, ఈలోపు ఆలోచించుకుంటారు.

పాతకోట

అన్నిటికంటే ముందు ఆ డజనుమందికి ఏం కావాలో చూడండి. గూట్లో పిల్లలున్నారని నీలిమంత్రం గారు రాశారు. అంటే వాళ్లు గెలవడానికి కొట్లాడరు, పిల్లలు వెనక దారిలో బయటపడేదాకా మీ వాళ్లని ఆపడానికి కొట్లాడతారు. ముగ్గురు గుమ్మం దగ్గర బల్లలు అడ్డం పెడతారు. ఇద్దరు పిల్లల్ని వాగు కన్నం వైపు తోస్తారు. ఒకడు గంట దగ్గరికి పరిగెడతాడు. పిల్లలు వెళ్లిపోయారనగానే మిగతావాళ్లు కత్తులు కింద పడేస్తారు. మొరేల్ పాచిక కూడా అక్కర్లేదు. రెండు మూడు రౌండ్లలో తేలిపోతుంది, ఆ రెండు రౌండ్లలోనే మీ వాళ్లు ఏ వైపు నిలబడాలో తేల్చుకోవాల్సి వస్తుంది.

పటాలపిచ్చి

గంట బరువు కూడా రాసిపెట్టుకోండి. నలుగురు మోయాలంటే ఒక లెక్క, బండి కావాలంటే ఇంకో లెక్క. వాగు కన్నంలోంచి అది పట్టదు. ముందు గుమ్మంలోంచి తేవాలి, లేదా సమాధి సొరంగంలోంచి.

మర్రితొర్ర

బండే పెడతాను. మా ఫైటర్ తానొక్కడే ఎత్తుతానని ఎలాగూ అంటాడు, బలం చెక్‌కి కష్టం 20 పెట్టాలా, అసలు కుదరదని చెప్పాలా?

ఇరవైముఖాలు

కుదరకపోతే కుదరదని ముందే చెప్పేయండి. పాచిక చేతికిచ్చాక 20 పడితే కాదనలేరు. "ఒక్కడివే ఎత్తలేవు, ఒక అంచు పైకి లేపి పట్టుకోగలవు" అనండి. అది లేపి పట్టుకున్నంతసేపు కింద ఇంకొకరు ఏదైనా చేయొచ్చు కదా.

మర్రితొర్ర

అంచు కింద ఏం చెక్కి ఉందో ఇప్పుడు రాసుకోవాలన్నమాట. వెళ్తున్నా.